ఎత్తు మీద నిద్రమాత్రలు వేసుకోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి

కొండగాలి:
అందరికీ నమస్తే. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ (5364 మీటర్లు) ప్లాన్‌లో ఉన్నా. నడకకి ఢోకా లేదు, భయమంతా రాత్రుల గురించే. ఇంతకుముందు 4000 దాటాక కళ్లు మూసుకుని దొర్లడమే తప్ప నిద్ర అన్నది లేదు, కాస్త కునుకు పట్టగానే ఎవరో గొంతు నొక్కినట్టు ఉలిక్కిపడి లేవడం, మళ్లీ పడుకోవడం, మళ్లీ అదే. మా గ్రూప్‌లో ఒకాయన జోల్పిడెమ్ వేస్కో హాయిగా పడుకుంటావ్ అంటాడు, ఇంకొకాయనేమో పైన నిద్రమాత్ర వేసుకుంటే ఇక లేవవు అని బెదరగొడుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

గుడారంపక్షి:
ఆ ఉలిక్కిపాటు ఊపిరి వల్లే బ్రో. ఈసారి పక్కన పడుకున్నవాళ్లని గమనించు. నాలుగైదు శ్వాసలు ఒకదాన్ని మించి ఒకటి లోతుగా వస్తాయి, తర్వాత సన్నబడతాయి, ఆ తర్వాత చప్పుడే ఉండదు, పది సెకన్లు, పదిహేను సెకన్లు, లేపుదామా వద్దా అని మనం స్లీపింగ్ బ్యాగ్‌లోంచి చెయ్యి బయటికి తీసేలోపు గట్టిగా ఒక్కసారి గాలి లాగి మళ్లీ మొదలు. పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. ఆక్సిజన్ చాలక ఊపిరి ఎక్కువ తీస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, అది పడిపోయేసరికి నిద్రలో మెదడు ఊపిరి తీయమని చెప్పడమే మానేస్తుంది. 5000 పైన ఇంచుమించు అందరికీ ఉండేదే.

స్టెతస్కోప్_అక్క:
కరెక్ట్‌గా చెప్పారు. అందుకే పైన నిద్ర పట్టట్లేదు అంటే డాక్టర్లు ముందు చూసేది డయామాక్స్ (అసిటజోలమైడ్). అది మత్తు మందు కాదు. కిడ్నీలు బైకార్బొనేట్‌ని బయటికి పంపేలా చేస్తుంది, రక్తం కొంచెం ఆమ్లంగా మారుతుంది, దాంతో నిద్రలో కూడా ఊపిరి ఆగకుండా నడుస్తుంది. ఉత్త నిద్ర కోసమే అయితే సాధారణంగా పడుకునేముందు 125 మి.గ్రా. ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కూల్ డ్రింక్ చప్పగా అనిపిస్తుంది, బాత్రూమ్‌కి ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఐస్‌యాక్స్:
అక్కా మరి జోల్పిడెమ్ సంగతి? నేను వాడా, రెస్ట్ డే ముందు రాత్రి, బాగా పట్టింది, పొద్దున ఆక్సిమీటర్‌లో కూడా రోజూ వచ్చే నంబరే వచ్చింది. జనం ఊరికే భయపెడతారు అనిపిస్తుంది నాకైతే.

స్టెతస్కోప్_అక్క:
ఊరికే కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. ఎత్తు మీద ఆరోగ్యవంతుల్లో చేసిన చిన్న చిన్న పరీక్షల్లో జోల్పిడెమ్, టెమజిపామ్ తక్కువ డోసులో ఊపిరిని పెద్దగా దెబ్బతీయలేదు. టెమజిపామ్‌తో పీరియాడిక్ బ్రీతింగ్ తగ్గింది కూడా, ఆక్సిజన్ మాత్రం కొద్దిగా దిగింది. కానీ అది చూసి డయజిపామ్ లాంటివి ఎక్కువ డోసులో మింగడం, మాత్ర మీద మందు కొట్టడం, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కలపడం, ఇవన్నీ ఊపిరిని అణిచేసేవే. "ఇక లేవవు" అన్న మాట అక్కడ నిజమవ్వచ్చు.

అర్ధరాత్రి_బయల్దేరే_బ్యాచ్:
నాకు ఊపిరి కన్నా లేచాక సంగతే భయం. జోల్పిడెమ్ ప్యాకెట్ మీదే ఉంటుంది, ఏడెనిమిది గంటలు పడుకునే వీలుంటేనే వేసుకోమని. సమ్మిట్‌కి మనం లేచేది అర్ధరాత్రి! ఒకసారి మాతో ఒకే తాడుకి కట్టుకుని ఎక్కుతున్న కుర్రాడు ఎనిమిదింటికి మాత్ర వేసుకుని పడుకున్నాడు, పన్నెండుకి లేపితే లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు, టీ తాగాడు, అంతా మామూలే అనుకున్నాం. తీరా చూస్తే ఎడమ కాలి క్రాంపాన్ (మంచు మీద జారకుండా బూటు కింద తగిలించే ఇనుప పళ్లు) కుడి బూటుకి పెట్టి స్ట్రాప్ బిగిస్తున్నాడు, ఎందుకు సరిగ్గా కూర్చోవట్లేదా అని దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. లీడర్ అతన్ని క్యాంప్‌లోనే ఆపేశారు. గొడవ పడ్డాడు పాపం, పొద్దున అడిగితే గొడవ పడినట్టే గుర్తులేదు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మాత్రల మీద నిద్రలో నడవడం గురించి పెద్ద హెచ్చరికే పెట్టించింది. ఇంట్లో నిద్రలో నడిస్తే గోడకి తగుల్తాం, వాలు మీద వేసిన టెంట్‌లోంచి సాక్సులతో బయటికి నడిస్తే? ఆడవాళ్ల డోస్ అయితే 2013లోనే సగానికి, 5 మి.గ్రా.కి తగ్గించారు, ఒంట్లోంచి మెల్లగా పోతుందని.

స్టెతస్కోప్_అక్క:
ఇంకోటి, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఎత్తు వల్ల వచ్చే మెదడు వాపు (హేస్) మొదలైతే కనిపించేది ఏంటి? మగత, తూలడం, తికమక మాటలు. నిద్రమాత్ర వేసుకున్నవాళ్లూ అలాగే ఉంటారు. "మాత్ర మత్తులే, పడుకోనీ" అని పక్కవాళ్లు వదిలేస్తే కిందికి దించాల్సిన గంటలు పోతాయి. అందుకే తలనొప్పి, వికారం ఉన్న రాత్రి మాత్ర జోలికే వెళ్లొద్దు, వేసుకుంటే టెంట్‌లో ఉన్నవాళ్లకి చెప్పి వేసుకోండి. అనుమానమొస్తే ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడిపించండి, తూలితే మాత్ర వల్లా వాపు వల్లా అని వాదించుకోకుండా దించేయండి.

కొండగాలి:
అమ్మో, ఇంత ఉందా. మరి నిద్ర పట్టకపోవడం కూడా ఎత్తు జబ్బు కిందకే వస్తుందా?

స్టెతస్కోప్_అక్క:
ఒకప్పుడు లెక్కేసేవాళ్లు. 2018లో లేక్ లూయిస్ స్కోర్ (ఎత్తు జబ్బు ఎంతుందో ప్రశ్నలడిగి మార్కులేసే పద్ధతి) మార్చినప్పుడు నిద్ర ప్రశ్న తీసేశారు. తలనొప్పి లేకుండా నిద్ర ఒక్కటే సరిగ్గా లేకపోతే కంగారు అక్కర్లేదు.

గుడారంపక్షి:
బ్రో ముందు నీ ఐటినరరీ చూస్కో, 3000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరుగుతుంటే ఏ మాత్రా కాపాడదు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో, పీ బాటిల్ మర్చిపోకు.

కొండగాలి:
చూశా అన్నా, ఒకచోట ఒక్కరోజులో 800 ఎక్కిస్తున్నారు. మధ్యలో ఒక రాత్రి కలపమని ఏజెన్సీకి ఇప్పుడే మెయిల్ పెడుతున్నా. డయామాక్స్ గురించి డాక్టర్‌ని అడుగుతా, జోల్పిడెమ్ అయితే వద్దులే.

ఐస్‌యాక్స్:
డయామాక్స్ కూడా బయల్దేరే ముందే ఇంట్లో ఒకట్రెండు రోజులు వేసి చూడు, పడుతుందో లేదో అక్కడికెళ్లాక తెలిస్తే కష్టం.