బర్కిట్ లింఫోమా రిపోర్టులో ఈబీవీ పాజిటివ్: తిరుపతి, చిత్తూరు వాళ్లు ఎవరైనా చెప్పగలరా?

నమస్తే అండీ, మాది చిత్తూరు. మా అక్క కొడుక్కి కింది దవడ వాచింది. పిప్పిపన్నేమో అనుకుంటుండగానే చెంపంతా ఉబ్బిపోయింది. తిరుపతిలో బయాప్సీ చేసి బర్కిట్ లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) అన్నారు. రిపోర్టులో 'ఈబీఈఆర్ పాజిటివ్' అని ఉంది. అంటే గడ్డ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఉందట. 1964లో ఆ వైరస్‌ను మొదట చూసిందే ఈ రకం గడ్డ కణాల్లోనట! పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఒంట్లో ఉండేదే కదా, మరి వీడికే ఎందుకిలా? ఈ క్యాన్సర్‌లో కణాల పెరుగుదలను నడిపే ఎంవైసీ అనే జన్యువు చోటు మారుతుందట, అందులో వైరస్ పాత్ర ఎంత?

ఒకే కంచంలో తిన్నారని చుట్టాలు వాడి చెల్లెల్ని దగ్గరికి పోనీయడం లేదు. క్యాన్సర్ అంటుకోదురా నాయనా అంటే వినరు.

కీమో మొదలైంది. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పీసీఆర్ మధ్యమధ్యలో చేయించాలా? తిరుపతిలోనే అవుతుందా, వేలూరు పోవాలా? చేయించినవాళ్లు చెప్పండి.