డ్రమ్ము గాలిమర తిరుగుతోంది, బ్యాటరీ మాత్రం ఎక్కట్లేదు

కదిరి_చిన్నోడు:
200 లీటర్ల డ్రమ్మును నిలువునా రెండు చెక్కలుగా కోయించి, ఎస్ ఆకారంలో వెల్డింగ్ చేయించి డాబా మీద పెట్టా. ఆషాఢం గాలికి గిరగిరా తిరుగుతోంది, వీధిలో పిల్లలంతా చూడ్డానికొస్తున్నారు, 12 వోల్టుల బ్యాటరీ మాత్రం ఇసుమంత ఎక్కట్లేదు. కరెంటు పుట్టించడానికి కింద బిగించింది పాత ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండేది), 48 వోల్టులది.

వైండింగ్_షాపు:
నిమిషానికి ఎన్ని చుట్లు? రెక్కకు సున్నం బొట్టు పెట్టి ఫోన్లో వీడియో తీసి లెక్కపెట్టు.

కదిరి_చిన్నోడు:
80 దాటట్లేదన్నా.

వైండింగ్_షాపు:
అదీ సంగతి. ఆ మోటార్ 48 వోల్టులు ఇవ్వాలంటే దాదాపు 500 చుట్లు తిరగాలి. నీ 80కి ఎనిమిది వోల్టులు రావడమే ఎక్కువ, అందులో మోటార్ ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడ్లు ఒకటిన్నర మింగేస్తాయి, ఇక 12 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు ఎలా పోతుంది? నీ డ్రమ్ము చెక్కల మరను సావోనియస్ రకం అంటారు, ఇందులో రెక్క కొస గాలి వేగాన్ని పెద్దగా దాటదు. బలం ఉంటుంది, చుట్లుండవు. పాత సైకిల్ 44 పళ్ల చక్రం మర షాఫ్ట్‌కు, 18 పళ్లది మోటార్‌కు వేసి చైను కట్టు, 80 కాస్తా 195 అవుతుంది. కారు ఆల్టర్నేటర్ జోలికి మాత్రం పోకు, దానికి వెయ్యి పైనే కావాలి.

లెక్కల_మాస్టారు:
ఆశ మరీ పెంచుకోకు బాబూ. నీ డ్రమ్ము గాలికి అడ్డుపడేది చదరపు మీటరు కూడా లేదు. సెకనుకు 4 మీటర్ల గాలిలో అంత మేర ఉండేదే 35 వాట్లు, అందులో నీకు దక్కేది ఐదో ఆరో. అదే గాలి 8 మీటర్లయితే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి జోరెక్కువ, కాబట్టి రెక్కల సోకు మీద పెట్టే డబ్బు స్తంభం ఎత్తు మీద పెట్టు.

శనక్కాయల_చేను:
మాస్టారి మాట నిజం. నేనూ ముందు పిట్టగోడకే బిగించా. రాత్రి గోడలోంచి గుర్రుమని మోత, అమ్మకు మూడు రోజులు నిద్రలేదు, పైగా పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డమై గాలి సుడి తిరిగేది. ఆరు నెలలకే కింది బేరింగు పోయింది, షాఫ్ట్ బరువంతా దాని మీదే కదా, పైనుంచి పడే బరువు మోసే థ్రస్ట్ బేరింగే వేయాలి. ఇప్పుడు చేలో 20 అడుగుల బోరు పైపు మీద పెట్టి నాలుగు వైపులా తీగలు లాగి కట్టా. ఇంకోటి, బ్యాటరీ నిండిందని వైరు పీకేయొద్దు. నేను పీకా, లోడు లేక మర పిచ్చిగా తిరిగి వెల్డింగ్ ఊడి ఒక చెక్క పక్కచేలో పడింది, మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. మోటార్ మూడు వైర్లూ కలిపేసే స్విచ్ పెట్టుకో, అదే బ్రేకు. గాలి బాగా రేగాక కాదు, ముందే వేసెయ్.

కదిరి_చిన్నోడు:
చైను వేశా. మంచి గాలికి 14 వోల్టులు చూపిస్తోంది! చిన్న గాలికి మాత్రం కదలట్లేదు, చేత్తో తోయాల్సి వస్తోంది.

వైండింగ్_షాపు:
మోటార్‌లో అయస్కాంతాలు ఇనుమును పట్టి ఆపుతాయి, చైనుతో ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. ఇంకో డ్రమ్ము దొరికితే పైన 90 డిగ్రీలు తిప్పి ఎక్కించు, కిందిది గాలికి చిక్కని కోణంలో ఉంటే పైది లాగుతుంది. షాఫ్ట్ మాత్రం లావుది వెయ్.