కాంటనీస్‌లో ఇంటి చప్పుళ్ళను ఏమంటారు? తెలిసినవాళ్ళు చెప్పరూ!

నమస్కారమండీ. హాంకాంగ్ వచ్చి రెండేళ్ళయింది, ఇక్కడి భాష కాంటనీస్ కొద్దికొద్దిగా పట్టుబడుతోంది. అందులో నాకు ప్రాణమైనవి చప్పుళ్ళ మాటలు. 1904 నుంచి నడుస్తున్న ఇక్కడి ట్రామును గంట చప్పుడుతోనే 'డింగ్ డింగ్' అంటారు. మైక్రోవేవ్‌లో అన్నం వేడిచెయ్యడానికీ అదే 'డింగ్'! టపాకాయలు 'పిక్ లిక్ పాక్ లాక్' అని పేలతాయి. మన చిటపటలో లాగే ముందు 'ఇ', తర్వాత 'అ'. ఎంత ముచ్చటేసిందో.

మనం 'గలగలమని' అన్నట్టు వీళ్ళు చప్పుడు మాట చివర 'సెంగ్' చేరుస్తారు, శబ్దం అని అర్థం. కానీ 'లా లా సెంగ్' అంటే త్వరగా అని, అచ్చం మన గబగబ.

ఇక నా ఇబ్బంది. పక్కింటి పెద్దావిడని 'పోపో', అంటే అమ్మమ్మ, అని పిలుస్తాను. నిన్న ఆవిడ కాగిన నూనెలో వెల్లుల్లి వేస్తే చుయ్‌మంది. "ఈ చప్పుడుని ఏమంటారు పోపో?" అని అడిగాను. గరిటె ఆపకుండానే ఒక మాట అంది. మూడుసార్లు చెప్పించుకున్నా నా నోట పలకలేదు, రాసివ్వమంటే దానికి చైనా లిపిలో అక్షరం లేదని చెయ్యి ఊపేసింది.

ఆ మాటేమిటో ఎవరికైనా తెలుసా? అలాగే పై అంతస్తు ఏసీ నీళ్ళు రేకు మీద పడే చప్పుడుకి, మాజాంగ్ ఆట బిళ్ళలు కలిపే చప్పుడుకి ఇళ్ళల్లో ఏమంటారు? అక్షరం లేని మాటల్ని మీరు ఎలా రాసుకుంటున్నారు? స్వరస్థాయి కూడా చెబితే ఎంతో మేలు, అది తప్పితే పోపోకి అర్థం కావడం లేదు.