కొత్త రోటరీ క్లబ్‌కు 20 మంది ఉండాలన్న నిబంధన తగ్గించమని ప్రతిపాదన పంపుదామా?

కాలవగట్టు:
అందరికీ నమస్కారం. 2028 కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్‌కి ప్రతిపాదనలు పంపడానికి గడువు 2026 డిసెంబర్ 31. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రోటరీ రాజ్యాంగం గానీ బైలాస్ గానీ మారాలంటే మూడేళ్ళకోసారి కూర్చునే ఈ కౌన్సిలే మార్చాలి. ఒక్కో రోటరీ డిస్ట్రిక్ట్ (కొన్ని క్లబ్బుల సమూహం) నుంచి ఒక్కో ప్రతినిధి వెళ్తారు. ప్రతిపాదన ఏ క్లబ్ అయినా రాయొచ్చు గానీ ముందు మన డిస్ట్రిక్ట్ ఆమోదం ఉండాలి, ఒక డిస్ట్రిక్ట్ నుంచి ఐదుకి మించి వెళ్ళకూడదు. అంటే గట్టిగా పట్టుకుని కూర్చోకపోతే మన కాగితం అక్కడే ఆగిపోతుంది.

నేను మా బోర్డులో పెట్టాలనుకుంటున్నది ఇదీ: కొత్త క్లబ్ చార్టర్‌కి, అంటే రోటరీ ఇచ్చే గుర్తింపు పత్రానికి, కావలసిన కనీస సభ్యులు 20 మంది నుంచి 12 మందికి తగ్గించాలి.

ఎందుకంటే, మా పక్క మండలంలో 14 మంది ఉన్నారు. ఇద్దరు డాక్టర్లు, ఒక రైస్ మిల్లు ఆయన, నలుగురు రొయ్యల రైతులు, ఎరువుల కొట్టు ఆయన, లెక్చరర్లు, ఇలా. రోటరీ పేరు లేకుండానే కంటి శిబిరాలు పెడుతున్నారు, హైస్కూల్లో మరుగుదొడ్లు బాగుచేయించారు. క్లబ్ పెడదామంటే ఆరుగురు తక్కువ. మా డిస్ట్రిక్ట్ అసిస్టెంట్ గవర్నర్ (ఏజీ) గారు ఏమన్నారో తెలుసా, "పేర్లు రాసెయ్యండి సార్, తర్వాత చూసుకుందాం" అని. తర్వాత ఏం జరుగుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. బావమరిది పేరు, ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా పేరు, కొట్టుకి సరుకు వేసే ఏజెంటు పేరు. చార్టర్ ప్రెసిడెంట్ జేబులోంచి వాళ్ళ డ్యూస్ (సభ్యత్వ రుసుం) కడతాడు. చార్టర్ నైట్‌కి వాళ్ళు కోట్లు వేసుకుని వచ్చి భోంచేసి వెళ్తారు, మళ్ళీ జులై ఇన్‌వాయిస్ వచ్చేసరికి జాబితాలో ఉండరు. అప్పుడు క్లబ్బులో 13 మంది మిగిలినా ఎవరూ ఏమీ అనరు! క్లబ్ పుట్టిన ఒక్కరోజే తలలు లెక్కపెట్టే నిబంధన ఇది, ఆ ఒక్కరోజు కోసం దొంగపేర్లు రాయిస్తోంది.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో యూనిటీ బిల్డింగ్ 711 గదిలో కూర్చున్నది నలుగురు. ఒక లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజనీరు, ఒక దర్జీ వ్యాపారి. ఇప్పటి రూలు ప్రకారం ఆ లాయరు, రోటరీ స్థాపించిన పాల్ హారిస్ గారికి చార్టర్ వచ్చేది కాదు. మీరేమంటారు?

పాస్ట్ ప్రెసిడెంట్:
పాల్ హారిస్ ఉదాహరణ సభలో చప్పట్లకి బాగుంటుంది తమ్ముడూ. 1905లో డిస్ట్రిక్ట్ లేదు, సేవా పనులకి డబ్బిచ్చే రోటరీ ఫౌండేషన్ లేదు, గ్రాంటు లేదు, ఆడిట్ లేదు. ఇవాళ క్లబ్ నడపాలంటే ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, ఫౌండేషన్ చైర్, మెంబర్‌షిప్ చైర్, సర్వీస్ ప్రాజెక్ట్స్ చైర్, పబ్లిక్ ఇమేజ్ చైర్ కావాలి. 12 మందిలో సగానికి పైగా పదవుల్లోనే ఉంటారు, ఇక సభ్యులెవరు? రెండో ఏడు ప్రెసిడెంట్ దొరకడు, మూడో ఏడు మొదటి ఆయనే మళ్ళీ. మన ఊళ్ళ సంగతి ఇంకొకటి కూడా చెప్పాలి. 12 మంది క్లబ్ అంటే రెండు కుటుంబాలు, వాళ్ళ స్నేహితులు. ఆ రెండు కుటుంబాలకి చేపల చెరువు దగ్గర గొడవొస్తే క్లబ్ ఆ సాయంత్రమే మూతపడుతుంది.

పైగా దారి లేదనడం తప్పు. 2013 నుంచి ఒక క్లబ్‌కి అనుబంధంగా నడిచే శాటిలైట్ క్లబ్ ఉంది, ఎనిమిది మంది ఉంటే చాలు. వాళ్ళకి వాళ్ళ బోర్డు, వాళ్ళ చైర్, వాళ్ళ మీటింగు. పెరిగాక చార్టర్ తీసుకోవచ్చు. ఆ పద్నాలుగు మందీ మీ క్లబ్‌కే శాటిలైట్‌గా చేరితే మీకేం అభ్యంతరం? లయన్స్‌లో కూడా కొత్త క్లబ్‌కి 20 మందే కావాలి, ఊరికే పెట్టిన అంకె కాదది.

కాలవగట్టు:
నాకు అభ్యంతరం లేదు సార్, వాళ్ళకుంది. శాటిలైట్ సభ్యులు కాగితం మీద మా క్లబ్ సభ్యులు. గ్రాంటుకి మా సంతకం, డ్యూస్ మా ఖాతాలోంచి, చివరికి బోర్డు మీద మా ఊరి పేరు. ఉమ్మడి కుటుంబంలో వేరు పొయ్యి పెట్టుకోమన్నట్టు. పక్క ఊరివాళ్ళ క్రింద ఉండటానికి మన గోదావరి జిల్లాలవాళ్ళు ఒప్పుకుంటారా, మీరే చెప్పండి.

లెక్క తేలాలి:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఓట్లు.

డీజీ నామినీ ఎన్నికలో, అంటే కాబోయే డిస్ట్రిక్ట్ గవర్నర్‌ని ఎన్నుకునేటప్పుడు, క్లబ్‌కి ఓటు ఎలా వస్తుంది? 25 మంది దాకా ఒకటి. ఆ పైన ప్రతి 25 మందికీ, లేదా అందులో సగానికి మించిన భాగానికీ, ఇంకొకటి. పదిమంది ఉన్న క్లబ్‌కీ ఒక ఓటే, ముప్ఫైమంది ఉన్న క్లబ్‌కీ ఒక ఓటే. ఇప్పుడు 60 మందిని తీసుకోండి. ఒకే క్లబ్‌గా ఉంటే వాళ్ళకి రెండు ఓట్లు. ఇరవై చొప్పున మూడు క్లబ్బులు చేస్తే మూడు. మీ ప్రతిపాదన నెగ్గాక పన్నెండు చొప్పున చేస్తే ఐదు! అరవై మంది, అదే డబ్బు, అదే ఊరు, ఓట్లు మాత్రం రెండు నుంచి ఐదు.

ఎన్నిక దగ్గరపడే ఏడాదిలో కొత్త క్లబ్బులు ఎందుకు పుట్టగొడుగుల్లా లేస్తాయో నన్ను అడిగితే చెప్పాల్సిన పని లేదు, డైరెక్టరీ తిరగేయండి. ఇరవై అనేది మంచి అంకెనో చెడ్డ అంకెనో నాకు తెలియదు గానీ, ఓటు ఖరీదు మీద అది ఒక తాళం. మీరు ఆ తాళం తీస్తున్నారు. మీ మండలంలో 14 మంది నిజాయితీపరుల కోసం తీసిన తలుపులోంచి ఇంకెవరు దూరతారో ఆలోచించారా?

రోటరాక్ట్ వైజాగ్:
సార్ మీ లెక్క కరెక్టే కానీ కొత్త సభ్యులు ఎందుకు దొరకట్లేదో కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. నాకు 33. 2020లో రోటరాక్ట్‌కి, అంటే రోటరీ యువజన క్లబ్బులకి, 30 ఏళ్ళ పరిమితి తీసేశారు కాబట్టి ఇంకా ఇక్కడే ఉన్నాను, నాతోపాటు మా క్లబ్బులో సగం మంది అంతే. "మీరు పెద్దవాళ్ళయ్యారు, రోటరీలోకి రండి" అని ప్రతి జులైలో ఎవరో ఒకరు ఉపన్యాసం ఇస్తారు. రోటరాక్ట్ తలసరి డ్యూస్ 2022లో మొదలైనప్పుడు బయటి క్లబ్బులకి 8 డాలర్లు, కాలేజీ క్లబ్బులకి 5. రోటరీ తలసరి 2025-26లో 82 డాలర్లు. ఇంకా దానిమీద డిస్ట్రిక్ట్ డ్యూస్, క్లబ్ డ్యూస్, మ్యాగజైన్, ఇన్‌స్టలేషన్‌కి చందా, డీజీ విజిట్‌కి చందా, స్టార్ హోటల్లో డిస్ట్రిక్ట్ కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్. ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి లోన్ కట్టేవాడు ఇవన్నీ ఎక్కడ కడతాడు? 20ని 12 చేసినా 6 చేసినా నాలాంటివాళ్ళు రారు. ప్రతిపాదన పంపాలనుకుంటే 40 ఏళ్ళలోపు వాళ్ళకి మొదటి మూడేళ్ళు తలసరి డ్యూస్ సగం చెయ్యమని పంపండి, నేనే సంతకాలు సేకరిస్తా.

డాలస్ బాబాయ్:
ఇక్కడ టెక్సాస్ నుంచి ఒక మాట. మా డిస్ట్రిక్ట్‌లో సమస్య తిరగబడి ఉంది. కొత్త క్లబ్బులు పుట్టకపోవడం కాదు, పాతవి కరిగిపోవడం. మా మధ్యాహ్న భోజనం క్లబ్‌లో నేనే కుర్రాణ్ణి, నాకు 58. డిస్ట్రిక్ట్‌లో సభ్యులు 1,100 కంటే తగ్గితే రోటరీ ఇంటర్నేషనల్ బోర్డు దాని హద్దులు మార్చొచ్చు, పక్కదానిలో కలిపెయ్యొచ్చు, ఆ భయంతో ఇక్కడా జాబితాలోంచి పేరు తీయడానికి చెయ్యి రాదు. ప్రపంచం మొత్తం మీద రోటరీ 12 లక్షల సభ్యుల దగ్గర ఏళ్ళ తరబడి ఊగుతోంది. మన శేఖర్ మెహతా గారు రోటరీ ఇంటర్నేషనల్ ప్రెసిడెంట్‌గా ఉన్న 2021-22లో ప్రతి ఒక్కరూ ఒకర్ని తీసుకురండి అన్నారు, వచ్చారు కూడా, ఎంతమంది నిలిచారన్నది వేరే కథ. దొంగపేర్లకి కారణం ఇరవై అనే అంకె కాదు బాబూ, టార్గెట్టు. సైటేషన్ అనే ప్రశంసాపత్రం కోసం, వేదిక మీద పిన్ను కోసం, ఫొటో కోసం రాయిస్తారు. కనీసం 12 అని పెడితే 12 దాకా దొంగపేర్లు రాస్తారు, అంతే తేడా.

ఇంకో సంగతి. కౌన్సిల్‌లో కూర్చునే ఐదువందల పైచిలుకు మందిలో మనవాళ్ళు కొద్దిమంది. మిగతావాళ్ళకి ఆసియాలో క్లబ్బులు కుప్పలుగా పుడుతున్నాయన్న అనుమానం ముందునుంచీ ఉంది. చిన్న ఊరి క్లబ్ రాసిన కాగితం చదివేదెవరు? టైం వేస్ట్.

నర్సాపురం డాక్టరమ్మ:
బాబాయ్ గారూ, చదివేదెవరు అంటారా. క్లబ్ రాజ్యాంగంలో సభ్యుడు అంటే పురుషుడే అన్న మాట తీసెయ్యమని 1950 కౌన్సిల్‌కి ప్రతిపాదన పంపింది అమెరికా క్లబ్ కాదు, అహ్మదాబాద్ క్లబ్. ఓడిపోయింది. 1964లో సిలోన్ నుంచి ఇంకో ప్రతిపాదన వెళ్ళింది, అదీ నిలవలేదు. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే ఊరి క్లబ్ ఎవర్నీ అడక్కుండా ముగ్గురు ఆడవాళ్ళని చేర్చుకుంటే 1978లో దాని చార్టర్ లాగేశారు. వాళ్ళు కోర్టుకెక్కారు, 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు రోటరీ ఇంటర్నేషనల్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 1989 కౌన్సిల్ అప్పుడు ఆ మాట తీసేసింది. అహ్మదాబాద్ వాళ్ళు కాగితం పంపిన 39 ఏళ్ళకి! నేను క్లబ్‌లో ఉన్నానంటే ఆ వరసలో ఎవరో ఒకరు టైం వేస్ట్ చేసుకోబట్టే. కాబట్టి పంపండి. ఓడితే ఓడనివ్వండి.

ప్రతిపాదన మంచిదా కాదా అన్నది వేరే. లెక్క తేలాలి గారు చెప్పిన ఓట్ల సంగతికి జవాబు చెప్పకుండా మాత్రం పంపకండి, మన డిస్ట్రిక్ట్‌లోనే కొట్టేస్తారు.

కాలవగట్టు:
డ్యూస్ సగం చెయ్యాలన్నది ఇంకో ప్రతిపాదన తమ్ముడూ, దానికి నా ఓటు ఉంటుంది కానీ రెండూ ఒకే కాగితంలో కట్టేస్తే రెండూ మునుగుతాయి. విడిగా రాయి, పక్కనే కూర్చుని సాయం చేస్తా.

ఓట్ల విషయం రాత్రంతా ఆలోచించాను. ఇలా మార్చితే? కొత్త క్లబ్ 12 మందితో చార్టర్ తీసుకోవచ్చు. కానీ 20 మంది అయ్యేదాకా, అయ్యి ఒక ఏడాది పూర్తిగా నిలబడేదాకా, డీజీ ఎన్నికలో దానికి ఓటు ఉండదు. ప్రాజెక్టులు చేసుకోవచ్చు, గ్రాంటు అడగొచ్చు, సొంత పేరు ఉంటుంది. ఓటు కోసం పెట్టేవాడికి పెట్టి లాభం ఉండదు, సేవ కోసం పెట్టేవాడికి అడ్డు ఉండదు.

లెక్క తేలాలి:
ఇప్పుడు దారిలోకొచ్చారు. కానీ ఇది కొత్త క్లబ్బులకేనా, ఉన్నవాటికి కూడానా? ఉన్నవాటికి కూడా అంటే జపాన్, యూరప్, అమెరికాల్లో 15 మందితో నడిచే పాత క్లబ్బుల ఓటు పోతుంది, వాళ్ళ ప్రతినిధులు చచ్చినా ఒప్పుకోరు. కొత్తవాటికే అని స్పష్టంగా రాయండి. ఇది బైలాస్ సవరణ కాబట్టి మామూలు మెజారిటీ చాలు, రాజ్యాంగ సవరణకైతే మూడింట రెండొంతులు కావాలి. ప్రయోజనం, ప్రభావం వివరిస్తూ పెట్టాల్సిన ప్రకటన 300 మాటలు దాటకూడదు. మీరు ఇక్కడ రాసే తీరు చూస్తే అదే పెద్ద గండం.

పాస్ట్ ప్రెసిడెంట్:
నాకు ఇది ఇంకా నచ్చలేదు. 15 మంది ఉన్న పాత క్లబ్‌కి ఓటు, 15 మంది ఉన్న కొత్త క్లబ్‌కి లేదు. డ్యూస్ మాత్రం ఇద్దరి దగ్గరా ఒకేలా వసూలు చేస్తారు. డబ్బు కడుతూ ఓటు లేని సభ్యుడు ఎన్నాళ్ళు ఉంటాడు? శాటిలైట్ వద్దు, పక్క ఊరి క్రింద ఉండలేం అన్నవాళ్ళు ఓటు లేకుండా ఉంటారా? డిస్ట్రిక్ట్ మీటింగ్‌లో నేను లేచి వ్యతిరేకంగానే మాట్లాడతాను, ముందే చెప్తున్నా.

కాలవగట్టు:
మాట్లాడండి సార్. మీరు వ్యతిరేకంగా మాట్లాడితే కనీసం అందరూ నిద్ర లేచి వింటారు. ఆ పద్నాలుగు మందిని ఈ మాట అడిగాను కూడా. "ఓటు మాకెందుకండీ, బోర్డు మీద మా ఊరి పేరు రాయనివ్వండి చాలు" అన్నారు.

డాలస్ బాబాయ్:
మొదటి ఏడాది అలాగే అంటారు. మూడో ఏడాది అడగండి.

నర్సాపురం డాక్టరమ్మ:
ఇంకో ప్రశ్న. మీ జాబితాలో డాక్టర్లు, మిల్లు ఆయన, రొయ్యల రైతులు, కొట్టు ఆయన, లెక్చరర్లు ఉన్నారు. ఆ పద్నాలుగు మందిలో ఆడవాళ్ళెంతమంది?

కాలవగట్టు:
ఇద్దరు మేడమ్. మీరు ఎక్కడికి వస్తున్నారో అర్థమైంది. హైస్కూల్ హెచ్‌ఎం గారిని, బ్యాంకు మేనేజర్ గారిని, అక్కడి డ్వాక్రా సమాఖ్య లీడర్లిద్దర్ని కూడా అడిగాం. రాత్రి ఎనిమిదింటికి మీటింగు, తర్వాత ఫెలోషిప్ పేరుతో విందు, మందు అంటే ఎలా వస్తాం అన్నారు.

నర్సాపురం డాక్టరమ్మ:
అంటే నలుగురు సిద్ధంగా ఉన్నారు, గంట కుదరక ఆగారు. మీకు తక్కువైంది ఆరుగురు. మీటింగు ఏ రోజు, ఎన్నింటికి అన్నది మొదటినుంచీ క్లబ్ ఇష్టమే. 2016 కౌన్సిల్ తర్వాత వారం వారం కలవక్కర్లేదు కూడా, నెలకి రెండుసార్లు చాలు. ఆదివారం ఉదయం పదింటికి పెట్టి మళ్ళీ అడగండి. దానికి కౌన్సిల్ ఆమోదం అక్కర్లేదు.

రోటరాక్ట్ వైజాగ్:
మేడమ్‌కి నా ఓటు. ఆ ఫెలోషిప్‌లో కాఫీ పెడితే మిగతా ఇద్దరూ కూడా దొరుకుతారు 😀

కాలవగట్టు:
సరే, సమయం మార్చి మళ్ళీ అడుగుతాం. ప్రతిపాదన మాత్రం ఆగదు, మా మండలానికి 20 మంది దొరికినా ఏజెన్సీలో ఊళ్ళకి దొరకరు. ముసాయిదా వచ్చే వారం ఇక్కడే పెడతా, లెక్క తేలాలి గారూ, మాటలు మీరే కత్తిరించాలి.