సీహార్స్ నిజంగా చేపేనా? మగదే పిల్లల్ని కంటుందా?

ప్రశ్న:
అక్వేరియంలో సీహార్స్‌ను దగ్గరగా చూసినప్పటి నుంచి ఒకటే సందేహాలు. పొలుసులు లేవు, తోకకు రెక్క లేదు, నిలువుగా నిలబడి ఈదుతోంది, మరి దాన్ని చేప అని ఎలా అంటారు? మగది పిల్లల్ని కంటుందంటారు కదా, అది నిజంగా గర్భమేనా, లేక గుడ్లను సంచిలో మోయడమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1:
చేపే అండీ. మొప్పలతోనే ఊపిరి పీలుస్తుంది, వెన్నెముక ఉంది. పొలుసులకు బదులు చర్మం కింద ఎముక పలకలు ఉంటాయి, ఒంటి మీద కనిపించే ఆ వలయాలు వాటివే. ముందుకు నెట్టేది వీపు మీదున్న చిన్న రెక్క, అది సెకనుకు 35 సార్ల దాకా ఆడుతుంది, అయినా నడక నత్తనడకే. అందుకే తోకతో సముద్రపు గడ్డిని చుట్టి పట్టుకుని ఉండిపోతుంది.

జవాబు 2:
రెండో ప్రశ్నకు: అది గర్భమే, నాకైతే ఇందులో సందేహం లేదు. ఆడది గుడ్లను మగదాని తోక మొదట్లో ఉన్న సంచిలోకి వదులుతుంది, ఫలదీకరణ జరిగేది అక్కడే. ఆ సంచి గోడల్లోని రక్తనాళాల ద్వారా పిండాలకు ఆక్సిజన్ అందుతుంది, లోపలి ద్రవంలో ఉప్పుదనం కూడా నెమ్మదిగా సముద్రపు నీటి స్థాయికి మారుతుంది, అంటే పిల్లలు బయటి నీళ్లకు అలవాటు పడి మరీ బయటకొస్తాయన్నమాట. జాతిని బట్టి, నీటి వేడిని బట్టి రెండు వారాల నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. కాన్పప్పుడు తండ్రి ఒళ్లు ముందుకీ వెనక్కీ వంచుతూ పిల్లల్ని గుంపులు గుంపులుగా బయటకు నెడతాడు, కొన్ని జాతుల్లో ఒకే కాన్పులో వెయ్యికి పైగా! పుట్టిన క్షణం నుంచి వాటి బతుకు వాటిదే, పెద్దయ్యేవి చాలా తక్కువ.

జవాబు 3:
దాని వేట గురించి ఎవరూ చెప్పలేదు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. ఇంత మెల్లగా కదిలేది కోపిపాడ్‌లను (రొయ్యల జాతికి దగ్గరి చిట్టి నీటి జీవులు) పట్టుకుంటుంది, అవేమో నీళ్లు కాస్త కదిలితే చాలు చటుక్కున తప్పించుకునేవి. కిటుకంతా తల ఆకారంలో ఉంది. మూతి దగ్గర నీళ్లు దాదాపు కదలవు, అలా చడీచప్పుడు లేకుండా చేరి తల ఒక్కసారి విదిల్చి గొట్టం లాంటి నోట్లోకి పీల్చేస్తుంది. కదలని నీటిలో మరుగుజ్జు సీహార్స్ పది ప్రయత్నాల్లో దాదాపు తొమ్మిదింట్లో గెలుస్తుందని 2013లో వచ్చిన పరిశోధన చెప్పింది. పళ్లు లేవు, జీర్ణాశయం లేదు, తిన్నది త్వరగా బయటకు పోతుంది కాబట్టి రోజంతా తింటూనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్! ఇంట్లో పెంచుకోవచ్చా?

జవాబు 2:
తొందరపడకండి. సముద్రంలో పట్టి తెచ్చినవి చాలాసార్లు కదిలే మేత తప్ప ముట్టవు, ఆకలితోనే పోతాయి. పైగా రొయ్యల వలల్లో, ఎండబెట్టి అమ్మే వ్యాపారంలో ఇప్పటికే లెక్కలేనన్ని పోతున్నాయి, అందుకే 2004 నుంచి వీటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అడవి జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం) నియంత్రణ ఉంది. తప్పదనుకుంటే ముందు మీ దగ్గర చట్టం ఏమంటుందో చూడండి, ట్యాంకులో పుట్టి పెరిగినదేనా, ఫ్రోజెన్ మేత తింటోందా అని అడిగి మీ కళ్లముందే తినిపించమనండి, చురుకైన చేపలున్న ట్యాంకులో మాత్రం వేయొద్దు, మేతంతా అవే లాక్కుంటాయి.