వీసీ (వెనేడియం కార్బైడ్) వేస్తే హార్డ్‌నెస్ పెరిగింది, బలం పడిపోయింది. ఎక్కడ తప్పింది?

బల్లార్షా_రంపం:
చంద్రపూర్, బల్లార్షా సా మిల్లుల్లో టేకు కోసే రంపాలకు కార్బైడ్ టిప్పులు చేస్తున్నం. కోబాల్ట్ 10 శాతం, డబ్ల్యూసీ (టంగ్‌స్టన్ కార్బైడ్) పొడి 0.8 మైక్రాన్, వ్యాక్స్ 2 శాతం. హెక్సేన్‌లో 48 గంటలు మిల్లింగ్, వాక్యూమ్‌లో 1430 డిగ్రీల దగ్గర గంటసేపు సింటరింగ్ (పొడిని కాల్చి గట్టి ముక్క చేసుడు). గ్రెయిన్ (లోపలి రేణువుల సైజు) పెరగొద్దని ఈసారి వెనేడియం కార్బైడ్ 1 శాతం వేసినం. హెచ్‌వీ (హార్డ్‌నెస్ కొలత) 1420 నుంచి 1640కి పోయింది గానీ టీఆర్ఎస్ (పార్టీ కాదు, విరుపు బలం) 2700 మెగాపాస్కల్ నుంచి 1900కి దిగింది. బ్రేజింగ్ (టిప్పును రంపానికి అతికించుడు) అయినంక గ్రైండింగ్‌లనే మూలలు రాలుతున్నయి. వీసీ ఎక్కువైందా, కార్బన్ తక్కువైందా?

పొడి_మిల్లు:
అన్నా, ముందు ఆ 1 శాతాన్నే అనుమానించాలి. కరిగిన కోబాల్ట్‌లో చిన్న డబ్ల్యూసీ రేణువులు కరిగిపోయి, ఆ టంగ్‌స్టన్, కార్బన్ పెద్దవాటి మీద చేరడం వల్లే గ్రెయిన్ ముదురుతుంది. వీసీ రేణువుల ముఖాల మీద కొన్ని అణువుల మందం పొరగా పేరుకుని దాన్ని ఆపుతుంది. ఆ పొరకు ఎంత కావాలి? చిటికెడే. కోబాల్ట్ బరువులో 5 శాతం దాటొద్దంటారు, అంటే మీ మిశ్రమానికి 0.5. నేనైతే అందులో సగమే వేస్తా.

మిగిలింది ఊరికే ఉండదు. వేడిలో కోబాల్ట్‌లో కరిగి, చల్లారేటప్పుడు వెనేడియం, టంగ్‌స్టన్ కలిసిన కార్బైడ్‌గా హద్దుల్లో పేరుకుంటుంది. అది పెళుసు, పగులుకు తెరిచిన దారి. పైగా వీసీ ఉన్న ముక్క ఆలస్యంగా కుదించుకుంటుంది, రంధ్రాలు మిగిలే ప్రమాదం ఉంది. సింటర్ హిప్ (గ్యాస్ ఒత్తిడితో సింటర్ చేసే కొలిమి) ఉంటే చివర్లో 50 బార్ ఆర్గాన్ ఇవ్వండి.

వీసీ 0.2, క్రోమియం కార్బైడ్ 0.5 వేసి చూడండి. అడ్డుకోవడంలో క్రోమియం వీసీ అంత గట్టిది కాదు, కానీ చాలావరకు కోబాల్ట్‌లోనే కరిగి ఉంటుంది కనుక బలం అంతగా పోదు. టేకుకు ఇంకో లాభం: పచ్చి కర్రలోని ఆమ్లాలు కోబాల్ట్‌ను తినేస్తాయి, క్రోమియం దాన్ని తగ్గిస్తుంది. టేకులోని ఇసుకలాంటి సిలికా అరుగుదలను మాత్రం గ్రెయిన్ సన్నగా ఉంటేనే తట్టుకుంటుంది. టాంటలం, నియోబియం కార్బైడ్లు ఉక్కు చెక్కే పనికి, ఇక్కడ దండుగ.

మురకామి_బాటిల్:
కార్బన్ సంగతి ఊహించడం దేనికి, చూసేయొచ్చు. పొటాషియం ఫెర్రీసయనైడ్ 10 గ్రాములు, పొటాషియం హైడ్రాక్సైడ్ 10 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు. ముక్కను అద్దంలా పాలిష్ చేసి 5 సెకన్లు ముంచండి. ఈటా ఫేజ్ (కార్బన్ తక్కువైతే పుట్టే పెళుసు కార్బైడ్) ఉంటే అదొక్కటే ముదురు రంగుకు వస్తుంది. గ్రెయిన్ హద్దులు కనబడాలంటే 3, 4 నిమిషాలు ఉంచాలి. ఆ ద్రావణంలో యాసిడ్ చుక్క కూడా పడనివ్వకండి, విషవాయువు వస్తుంది.

లెక్క కూడా వేసుకోండి. పొడిలోని ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌గా పోయేటప్పుడు దాని బరువులో ముప్పావు వంతు కార్బన్‌ను లాక్కుపోతుంది. ఆక్సిజన్ 0.3 శాతముంటే పోయే కార్బన్ 0.22 శాతం. మీ గ్రేడ్‌కు ఉన్న వెసులుబాటు అంతకంటే తక్కువ. పొడి ఎంత సన్నం చేస్తే అంత ఆక్సిజన్ పడుతుంది కనుక ఆ లోటు మసి కార్బన్‌తో పూడ్చాలి. ఎక్కువైతే గ్రాఫైట్ నల్లటి మచ్చల్లా తేలుతుంది.

అయస్కాంత పరీక్షతో చూస్తుంటే జాగ్రత్త: క్రోమియం వేశాక రీడింగ్ దానంతటదే దిగుతుంది. కార్బన్ తక్కువైందని భ్రమపడొద్దు, కొత్త మిశ్రమానికి కొత్త హద్దు రాసుకోండి.

బల్లార్షా_రంపం:
5 సెకన్లు ముంచినం, ఏం రంగు రాలే. కానీ విరిగిన చోట లెన్స్‌తో చూస్తే అక్కడక్కడ బూడిద రంగు ముద్దలు, పక్కనే కోబాల్ట్ గుంటలు. వీసీని మిల్లింగ్ చివరి 6 గంటల్ల వేసినం.

పొడి_మిల్లు:
దొరికింది. 6 గంటల్లో వీసీ ముద్ద విడిపోదు. ముద్ద ఉన్నచోట పెళుసు గుంపు, అది లేనిచోట గ్రెయిన్ ఊరి మీద పడ్డట్టు పెరుగుతుంది. ఒకే ముక్కలో రెండు జబ్బులు. 1 మైక్రాన్ వీసీ తెచ్చి, మొదటి నిమిషం నుంచే డబ్ల్యూసీతో పాటు మిల్లులో వేయండి. గ్రెయిన్ పెరగడం ద్రవం రాకముందే, గట్టి స్థితిలోనే మొదలవుతుంది. అప్పటికే అంతటా పరచుకుని ఉండాలి. బంతులు కార్బైడ్‌వే వాడండి, ఉక్కువైతే ఇనుము కలుస్తుంది.

మురకామి_బాటిల్:
మళ్లీ విరిచేటప్పుడు ఒక్క మిశ్రమానికి పది బార్లైనా ఉండాలి. 20 మిల్లీమీటర్ల పొడవు, 6.5 × 5.25 కొలత, ఆధారాల మధ్య 14.5. నాలుగు అంచులూ కొద్దిగా చాంఫర్ చేయకపోతే మీరు కొలిచేది గ్రైండింగ్ గీతల బలమే. అన్నిట్లోకి తక్కువ బలం వచ్చిన బార్ విరుపును ముందు చూడండి, ముద్ద అందులోనే ఉంటుంది.