అప్‌డేట్: మా లాడ్జి గ్రానైట్ నేలపై యాత్రికులు జారిపడుతున్న విషయం

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర నేను చూసుకుంటున్న లాడ్జిలో, రిసెప్షన్ ముందున్న పాలిష్ గ్రానైట్‌పై యాత్రికులు జారిపడుతున్నారనీ, నేలంతా మార్చాల్సిందేనా అనీ కిందటి నెలలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందు తుడిచే పద్ధతి చూడమన్న సలహాయే నా కళ్లు తెరిపించింది. మా సిబ్బంది ఫ్లోర్ క్లీనర్‌ను కొలత లేకుండా బకెట్‌లో పోసి, నీళ్లు నల్లబడినా మార్చకుండా తుడిచేవారు. ఆ పొర ఎండిన తర్వాత కూడా రాతిపై మిగిలిపోయి, తడి పాదం పడగానే మళ్లీ సబ్బులా కరిగేది. తడి వేలితో రుద్ది చూస్తే నాకే జిగురుగా తగిలింది. ఇప్పుడు సీసాపై రాసిన కొలతతోనే తుడిచి, మంచినీళ్లతో మరోసారి తుడిచి, పొడి మాపుతో తడి తీసేస్తున్నారు. ఒకేసారి సగం నేలే తుడవడం వల్ల, నడిచేవారికి రెండో సగం ఎప్పుడూ పొడిగా ఉంటోంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి, గడప దగ్గరి చిన్న గోనెపట్టా తీసేసి, నాలుగైదు అడుగులు నడిచేంత పొడవైన, అడుగున రబ్బరు ఉన్న మ్యాట్ వేయించాను. ఆ పట్టాయే జరిగి ఒక పెద్దావిడ పడిపోయారు. మణికట్టుకు కట్టుతో, గోడ పట్టుకుని ఆమె మెట్లు దిగడం నేను మరచిపోలేను. మెట్ల అంచులకు గరుకు పట్టీలు అతికించాం. స్నానాల గదుల్లో మాత్రం నున్నటి టైల్స్ తీసి గరుకువి వేయించక తప్పదు, వచ్చే వారం పని మొదలవుతుంది.